సముద్రం లేని సర్ఫ్ సంగీతం

సర్ఫ్ సంగీతం ఇష్టమని ఎవరితోనైనా అంటే మొదట ఎదురయ్యే ప్రశ్న, "దానికీ మనకీ ఏం సంబంధం?" అని. న్యాయమైన ప్రశ్నే. మాది జనగామ. అక్కణ్ణుంచి దగ్గరి సముద్ర తీరానికి సూటిగా గీత గీసి కొలిచినా సుమారు 250 కిలోమీటర్లు. అటు మహబూబాబాద్‌కి పోయినా, ఇటు భూపాలపల్లికి పోయినా పొలాలు, చెరువులు, బొగ్గు గనులు, అడవి కనిపిస్తాయి గానీ పలక మీద నిలబడి జారేంత అల ఎక్కడా లేవదు. అయినా ఆ గిటార్ వింటే నాకది పరాయి సంగీతం అనిపించదు. ఎందుకనిపించదో తెలుసుకుందామని చరిత్ర తిరగేస్తే, ఆ సంగీతంలో సముద్రం వాటా మనం అనుకున్నంత లేదని తేలింది.

ముందు విషయం కొంచెం చెప్పాలి. 1961 నుంచి 1964 దాకా, దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళలో ఊపందుకున్న సంగీతం ఇది. బీచ్ బాయ్స్ లాంటివాళ్ళు సముద్రం మీద, కార్ల మీద పాటలు పాడారు గానీ, నేను మాట్లాడేది మాటల్లేని రకం గురించి. చాంటేస్ బృందం వాయించిన 'పైప్‌లైన్', సర్ఫారిస్ వాయించిన 'వైప్ అవుట్' లాంటివి. పాడేవాడు ఉండడు, గిటారే పాడుతుంది. ఆ గిటార్ మోతకి ఒక తడి ఉంటుంది. తీగ మీటగానే ఏదో లోతైన బావిలో చుక్క పడ్డట్టు చివుక్కుమంటుంది.

ఈ సంగీతానికి రాజు అని పేరు పడ్డవాడు డిక్ డేల్. అసలు పేరు రిచర్డ్ మన్సూర్. 1937లో బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి వైపు వాళ్ళు లెబనాన్ నుంచి వచ్చినవాళ్ళు. చిన్నాయన ఊద్ వాయించేవాడు, తరబకీ అనే అరబ్బీ డోలు వాయించేవాడు. పిల్లవాడు ముందు నేర్చింది ఆ డోలు దెబ్బలు. 1954లో కుటుంబం కాలిఫోర్నియాకి మారింది. సముద్రం, సర్ఫింగ్ అతని జీవితంలోకి వచ్చింది ఆ తర్వాతే. 1961లో బల్బోవాలోని రాండెవూ బాల్‌రూమ్‌లో అతను వాయిస్తుంటే వేలమంది కుర్రాళ్ళు వచ్చి చిందులేశారు.

అతన్ని చిరస్థాయిగా నిలబెట్టిన 'మిసిర్లూ' 1962లో వచ్చింది. 1994లో 'పల్ప్ ఫిక్షన్' సినిమా మొదట్లో మోగి మళ్ళీ ప్రపంచమంతా తిరిగింది. సినిమా చూడనివాళ్ళకి బ్లాక్ ఐడ్ పీస్ వాళ్ళ 'పంప్ ఇట్' పాటగా తెలిసే ఉంటుంది. అదే 2005 ఆల్బమ్‌లో వాళ్ళు కల్యాణ్‌జీ ఆనంద్‌జీ 'డాన్' కోసం కట్టిన బాణీని కూడా తీసుకుని ఇంకో పాట చేశారు. ఆ రెండు బాణీలూ ఒకే పళ్ళెంలో ఇమిడిపోవడం నాకేం వింతగా అనిపించలేదు.

ఎందుకంటే మిసిర్లూ అమెరికా పాటే కాదు. గ్రీకులు, అరబ్బులు, ఆర్మేనియన్లు, యూదులు అందరూ పాడుకున్న తూర్పు మధ్యధరా జానపద బాణీ అది. తెలిసినంతలో మొదటి గ్రీకు రికార్డు 1927 నాటిది. ఆ మాటకి ఈజిప్టు అమ్మాయి అని అర్థం. వేరే మతం పిల్ల మీద మనసుపడ్డవాడి పాట. మనవైపు ఉర్దూలో ఈజిప్టుని మిస్ర్ అంటారు. పటికబెల్లానికి మిస్రీ అన్న పేరు ఆ దేశం మీదుగా వచ్చిందే.

ఒకరోజు ఓ కుర్రాడు డిక్ డేల్‌ని ఒకే తీగ మీద పాట మొత్తం వాయించగలవా అని అడిగాడట. చిన్నాయన ఊద్ ఒకే తీగ మీద మిసిర్లూ వాయించడం అతనికి గుర్తొచ్చింది. ఆ నెమ్మది పాటనే తీసుకుని విపరీతంగా వేగం పెంచాడు.

ఇప్పుడు ఆ బాణీలో స్వరాలు చూడండి. మొదటి స్వరాన్ని షడ్జమం అనుకుంటే వరసగా శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. అరబ్బులు దీన్ని హిజాజ్ కార్ అంటారు. మనం మాయామాళవగౌళ అంటాం, 15వ మేళకర్త. పురందరదాసు పెట్టిన పద్ధతి అని చెప్పి, సంగీతం నేర్చుకునే ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ సరళీ స్వరాలు మొదలెట్టేది ఇందులోనే. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటైపోదు. గమకం వేరు, నడక వేరు. అయినా చెవికి ఆ మెట్లు తెలుసు. రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్య ఉన్న ఆ పెద్ద అంగ తెలుసు.

స్వరాలు సరే, మరి చెయ్యి? డిక్ డేల్ గిటార్ వాయించే తీరుకి మూలం డోలు దెబ్బలే. తన లయకి తరబకీనీ, అమెరికన్ డ్రమ్మర్ జీన్ క్రూపానీ కారణాలుగా చెప్పుకున్నాడు. లావాటి తీగలు వేసుకుని కిందికీ పైకీ సందు లేకుండా కొడతాడు. తీగ మోత సాగదు. వందల దెబ్బలు కలిసి ఒక గీతలా వినిపిస్తాయి.

డప్పు దగ్గరగా విన్నవాళ్ళకి ఇది అర్థం చేసుకోవడానికి పాఠం అక్కర్లేదు. డప్పుకి రెండు పుల్లలు. లావుగా, పొట్టిగా ఉండే చిర్ర దరువు వేస్తుంది. సన్నటి చిటికెన పుల్ల ఆ దరువుల మధ్య ఖాళీ అంతా నింపుతూ పోతుంది. ఆ సన్నపుల్ల ఆగితే దరువు చచ్చిపోతుంది. డిక్ డేల్ చేతిలోని పిక్ చేసే పని అదే. ఒగ్గుకథలో డోళ్ళు ఒక్కసారిగా ఉప్పెనలా లేచే ఘట్టాలు కూడా అంతే. మా జిల్లా మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్యగారు అలాంటి డోళ్ళ మధ్యే మల్లన్న, బీరప్ప కథలు చెప్పి 2014కి సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. నా చెవికి సర్ఫ్ గిటార్‌లో ముందు వినిపించింది ఆ దెబ్బ. అల తర్వాత.

ఇక ఆ తడి సంగతి. ఇంజనీరుని కాబట్టి నాకిక్కడ మహా సరదా. డిక్ డేల్ వాయించే బలానికి ఆంప్లిఫయర్లు వరసగా కాలిపోతుంటే, లియో ఫెండర్ అతని కోసమే షోమన్ అనే పెద్ద ఆంప్ తయారుచేశాడు. దానికి జేబీఎల్ వాళ్ళ 15 అంగుళాల స్పీకర్ జతపడింది. 1961లో ఫెండర్ కంపెనీ రివర్బ్ పెట్టెను విడిగా తెచ్చింది. అందులో ఉండేది స్ప్రింగులు. ఒక చివర శబ్దం ఎక్కిస్తే అది చుట్టల వెంట పోయి, అవతలి చివర తగిలి, వెనక్కీ ముందుకీ తిరుగుతూ ఆలస్యంగా బయటికొస్తుంది. పైగా స్ప్రింగులో అన్ని పౌనఃపున్యాలూ ఒకే వేగంతో పోవు. ఒకటి ముందు, ఒకటి వెనక. ఆ చివుక్కుమనే చప్పుడు అందుకే వస్తుంది. ఇవాళ ఫోన్‌లోనే ఆ చప్పుడు పుట్టించే ప్రోగ్రాములున్నాయి. గది ప్రతిధ్వనిని సరిగ్గా నకలు చెయ్యలేని స్ప్రింగు లోపాన్ని కష్టపడి లెక్కకట్టి మరీ నకలు చేస్తున్నాం. ఇంకో సంగతి, బెల్ ల్యాబ్స్‌లో ఈ స్ప్రింగులను మొదట వాడింది దూరపు టెలిఫోన్ లైన్లలో మాట ఆలస్యాన్ని అనుకరించడానికి. తర్వాత హామండ్ ఆర్గన్‌లోకి వచ్చాయి, అక్కణ్ణుంచి గిటార్‌కి. మొదటి సర్ఫ్ రికార్డుగా చెప్పుకునే 'లెట్స్ గో ట్రిప్పిన్'లో ఆ పెట్టె లేనే లేదు. అంటే సముద్రంలా వినిపించే ఆ తడి కూడా ఇనుప చుట్టల్లోంచి, కొంచెం ఆలస్యంగా వచ్చి చేరింది.

కాబట్టే సముద్రం లేని ఊళ్ళు కూడా ఆ సంగీతం చేశాయి. 'సర్ఫిన్ బర్డ్' వాయించిన ట్రాష్‌మెన్‌ది మినియాపొలిస్. ఆస్ట్రోనాట్స్‌ది కొలరాడోలో, కొండల పక్కన ఉన్న బోల్డర్. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికాలో దిగాక ఆ జోరంతా చల్లారింది.

పేరు పెట్టడంలో ఒక మాయ ఉంది. సర్ఫ్ అనేసరికి ఆ గిటార్ వెనక ఉన్న లెబనాన్ చిన్నాయన కనిపించకుండా పోయాడు. మన దగ్గరా ఇలాంటిదే జరిగింది, ఇంకా కఠినంగా. మాయామాళవగౌళకి సంగీతం అని పేరు. అది చాపేసుకుని కూర్చుని నేర్చుకునేది. డప్పుకి చావు, జాతర, చాటింపు అని పేరు. దాన్ని మాదిగవాడలో ఉంచారు, కొట్టే చేతిని అరుగు కింద నిలబెట్టారు. రెండూ ఒకే ఊళ్ళో వందల ఏళ్ళు మోగాయి. ఆ స్వరాలనీ ఆ చేతినీ ఒక్కచోట కూర్చోబెట్టి వాయిస్తే ఎలా ఉంటుందో వినే అవకాశం ఎంతమందికి దక్కి ఉంటుంది? తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద డప్పు ముందు వరసలోకి వచ్చింది. కానీ సంగీతం క్లాసు గుమ్మం దాటడం దానికి ఇప్పటికీ అంత తేలిక కాదు.

కాలిఫోర్నియాలో ఆ కుర్రాడికి ఆ రెంటినీ విడిగా ఉంచాలని చెప్పినవాళ్ళు లేరు. చిన్నాయన దగ్గర పాటా ఉంది, డోలూ ఉంది. రెంటినీ ఒక తీగ మీదికి తెచ్చాడు, అంతే. మిసిర్లూ రెండు నిమిషాల పైచిలుకు పాట. ఒకసారి కళ్ళు మూసుకుని వినండి. అలలు వినిపిస్తే సంతోషం. నాకైతే సరళీ స్వరాలు పాడే వీధీ, డప్పు కాచుకునే మంటా ఒకే ఊళ్ళో, పక్కపక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది.