కంచెను తీసేసిన రాత్రి

వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్న ఎం. వి. రమణ 2012లో వెలువరించిన ‘ది పవర్ ఆఫ్ ప్రామిస్’ భారతదేశపు అణుశక్తి చరిత్రను నిశితంగా పరిశీలించిన గ్రంథం. ఇస్తామన్న విద్యుత్తు ఎంత, ఇచ్చినది ఎంత అన్న లెక్క అందులో ప్రధానాంశం. అయితే వైద్యుడిగా నన్ను నిలబెట్టి చదివించినవి భద్రతకు సంబంధించిన పుటలు. యంత్రం ఎందుకు చెడిపోయిందన్నది ఒక ప్రశ్న. చెడిపోయిందని చెప్పిన మనిషి ఏమయ్యాడన్నది మరొక ప్రశ్న. అటువంటి మనిషిని మన పత్రికలు ‘ప్రజావేగు’ అంటున్నాయి. ఈ రెండవ ప్రశ్నను వెంటబెట్టుకుని వెళితే కల్పాక్కంలో ఒక జవాబు, ముంబయిలో ఒక జవాబు, నేను స్థిరపడిన ఈ కెనడాలో మరొక జవాబు దొరుకుతాయి. ఆ మూడింటినీ ఒకే వరుసలో చదవాలి.

చెన్నైకి దక్షిణాన సముద్రతీరంలో ఉన్న కల్పాక్కంలో, వాడిన అణు ఇంధనం నుంచి ప్లుటోనియాన్ని వేరుచేసే కర్మాగారం ఉంది. 2003 జనవరి 21న అక్కడ ఒక వాల్వు పాడైంది. స్వల్ప రేడియోధార్మికత గల వ్యర్థం ఉండవలసిన చోటికి అత్యధిక రేడియోధార్మికత గల ద్రవం చేరింది. ఆ సంగతిని పసిగట్టే పరికరం అక్కడ లేదు. ఆరుగురు ఉద్యోగులు తీవ్రమైన రేడియేషన్‌కు లోనయ్యారు. మూడు రోజులు తిరగకుండానే ఉద్యోగుల సంఘం యాజమాన్యానికి ఉత్తరం రాసింది. పూర్తికాలపు భద్రతాధికారిని నియమించాలన్నది అందులోని కోర్కెలలో ఒకటి. నెలలు గడిచినా ఫలితం లేకపోవడంతో వారు సమ్మెకు దిగారు. యాజమాన్యం ఆందోళనలో ముందున్న కొందరిని బదిలీ చేసింది, మిగిలినవారిని హెచ్చరించింది. రెండు రోజుల్లో అందరూ పనిలోకి తిరిగి వెళ్లారు. విషయం పత్రికలకెక్కిన తరువాత, దేశంలో రేడియేషన్‌కు లోనైన ఘటనలన్నింటిలోనూ ఇదే తీవ్రమైనదని భాభా అణు పరిశోధన కేంద్రం అధిపతి ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే, దానికి కారణం ఉద్యోగుల అత్యుత్సాహం, తప్పుడు అంచనా అన్నారు.

ఆ ఉద్యోగులు బయటి తలుపు ఎందుకు తట్టలేదని అడగవచ్చు. తట్టడానికి తలుపు లేదు. దేశంలో అణుభద్రతను చూసేందుకు 1983లో అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది. కానీ 2000 సంవత్సరంలో భాభా కేంద్రానికి చెందిన కర్మాగారాలను ఆ మండలి పరిధి నుంచి తప్పించారు. కల్పాక్కం కర్మాగారం వాటిలో ఒకటి. అంతకు ముందైనా ఆ మండలి స్వతంత్రమైనది కాదు. అది అణుశక్తి కమిషన్‌కు జవాబుదారీ, ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. అంటే పరీక్ష రాసేవాడే పరీక్షకుడికి పై అధికారి. ఈ ఏర్పాటులో ఉంటూనే నిజం చెప్పబోయినవారు ఎ. గోపాలకృష్ణన్. 1993 నుంచి 1996 దాకా మండలికి అధ్యక్షులుగా ఉన్న ఆయన హయాంలో, అణు సంస్థలలోని సుమారు 130 భద్రతాలోపాలను జాబితా కట్టిన నివేదిక తయారైంది. ఆయన పదవీకాలాన్ని పొడిగించలేదు. ఆ తరువాత ఆయన హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఆచార్యులై, ఈ విషయాలను పత్రికలలో రాస్తూ వచ్చారు.

ఇదంతా మన దేశపు జాడ్యమని, ఇక్కడ చట్టమున్నదని నిట్టూర్చే అలవాటు ప్రవాసులకు ఉంది. ట్రాంబేలో 1960లో మొదలైన సైరస్ రియాక్టరును ఇచ్చింది కెనడాయే. అంటారియో రాష్ట్రంలో చాక్ రివర్ అనే చోట ఉన్న ఎన్ఆర్ఎక్స్ రియాక్టరు దానికి నమూనా. ఆ చాక్ రివర్‌కే వెళ్లి చూద్దాం.

కెనడా అణుభద్రతా కమిషన్ పార్లమెంటు చట్టంతో 2000లో ఏర్పడింది. తనిఖీ అధికారికి సమాచారం ఇచ్చిన ఉద్యోగిని శిక్షించడం ఆ చట్టం ప్రకారం నేరం. భాభా కేంద్రం ఉద్యోగులకు లేని తలుపు ఇక్కడ ఉంది. 2007 ఏప్రిల్‌లో ప్రభుత్వోద్యోగులైన ప్రజావేగుల రక్షణకు మరొక చట్టం కూడా అమలులోకి వచ్చింది.

అదే సంవత్సరం నవంబరులో చాక్ రివర్‌లోని ఎన్ఆర్‌యూ రియాక్టరును మామూలు మరమ్మతులకు ఆపారు. 1957 నుంచి నడుస్తున్న రియాక్టరు అది. దానిని చల్లబరిచే రెండు పంపులను, భూకంపం వచ్చినా ఆగని అత్యవసర విద్యుత్తుకు కలపాలన్నది లైసెన్సు షరతు. కలిపామని నిర్వాహకులు అంతకు ముందే చెప్పి ఉన్నారు. కలపలేదని కమిషన్ తనిఖీలో తేలింది. అధ్యక్షురాలు లిండా కీన్ ఆ పని పూర్తి కానిదే రియాక్టరు నడవరాదన్న వైఖరి తీసుకున్నారు.

ఇక్కడ వైద్యులమైన మా ప్రసక్తి వస్తుంది. ప్రపంచంలో వైద్యానికి వాడే ఐసోటోపులలో సగానికి పైగా ఆ ఒక్క రియాక్టరు నుంచే వచ్చేవి. గుండె కండరానికి రక్తం సరిగా అందుతున్నదా, రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందా అని చూసే స్కానులకు టెక్నీషియం-99ఎం కావాలి. దాని అర్ధాయువు 6 గంటలు. దానికి తల్లి అయిన మాలిబ్డినం-99 అర్ధాయువు 66 గంటలు. కరువుకు ధాన్యంలా దానిని కొట్లో దాచుకోవడం కుదరదు. రియాక్టరు ఆగిన కొద్ది రోజులకే ఆసుపత్రులలో పరీక్షలు వాయిదా పడ్డాయి. ఆ రోగుల ఆందోళన బూటకం కాదు. ఒక పలకపై ఇవాళ ఎదురుచూస్తున్న రోగి, మరొక పలకపై ఎప్పుడో రావచ్చుననే ప్రమాదం. ఇటువంటి తూకంలో కంటికి కనిపించే మనిషి వైపే మొగ్గు చూపడం వైద్యులకు సహజం.

డిసెంబరు 11, 12 తేదీలలో పార్లమెంటు అన్ని పక్షాల మద్దతుతో ఒక చట్టం చేసి, ఆ షరతును 120 రోజులపాటు పక్కన పెట్టి రియాక్టరును నడపమంది. ఈ నిర్ణయం సరైనదే కావచ్చు. ప్రజాప్రతినిధులు బహిరంగంగా చర్చించి, బాధ్యత తమ తలపై వేసుకుని, ఒక ప్రమాదాన్ని అంగీకరించారు. కథ ఇక్కడితో ముగిసి ఉంటే చెప్పుకోవలసినది పెద్దగా లేదు.

కానీ ప్రధాని స్టీఫెన్ హార్పర్ సభలోనే కీన్‌ను లిబరల్ పార్టీ నియమించిన మనిషిగా చిత్రించారు. డిసెంబరు 27న సహజవనరుల మంత్రి గ్యారీ లన్, మిమ్మల్ని ఎందుకు తొలగించరాదో చెప్పమని ఆమెకు లేఖ రాశారు. ఈ మంత్రి వాంకూవర్‌కు సముద్రపాయ ఆవల ఉన్న సానిచ్ – గల్ఫ్ ఐలాండ్స్ నుంచి ఎన్నికైనవారు. ఆమె దీటుగా బదులిచ్చారు, ఇది స్వతంత్ర సంస్థలో జోక్యమన్నారు. జనవరి 16న ఆమె పార్లమెంటరీ సంఘం ముందు హాజరు కావలసి ఉంది. 15వ తేదీ రాత్రి ఆమెను అధ్యక్ష పదవి నుంచి తప్పించారు. మరునాటి ఉదయం సంఘం ముందు మంత్రి మాత్రమే మాట్లాడారు. కీన్ నెలాఖరున అదే సంఘం ముందుకు వచ్చి, ఆ పంపులు లేని స్థితిలో ప్రమాదావకాశం అంతర్జాతీయ ప్రమాణం కన్నా వెయ్యి రెట్లు ఎక్కువని చెప్పారు. అప్పటికి ఆమె మాజీ అధ్యక్షురాలు. ఆమె న్యాయస్థానానికి వెళ్లారు. అధ్యక్ష పదవి ప్రభుత్వం ఇష్టమున్నంత వరకేనని, తొలగింపు చెల్లుతుందని ఫెడరల్ కోర్టు 2009లో తీర్పు చెప్పింది.

అదే సంవత్సరం మే నెలలో ఎన్ఆర్‌యూలో భారజలం కారసాగింది. పాత్ర గోడ తుప్పు పట్టింది. ఇది పంపులకు సంబంధించిన లోపం కాదు, కీన్ చెప్పిన ప్రమాదమూ కాదు. కానీ ఈసారి రియాక్టరు 2010 ఆగస్టు దాకా తెరుచుకోలేదు. దానికి వారసులుగా కట్టిన రెండు మేపుల్ రియాక్టర్ల పథకాన్ని 2008లోనే విరమించుకున్నారు. అంటే ఐసోటోపుల కొరతకు మూలం ఒక అధికారిణి మొండితనం కాదు, అర్ధశతాబ్దం నాటి ఒకే ఒక్క యంత్రంపై అంత భారం మోపడం. ఆ తరువాతనే ప్రత్యామ్నాయాలపై శ్రద్ధ పెరిగింది. సైక్లోట్రాన్లతో టెక్నీషియం తయారుచేసే పద్ధతిని నిరూపించినవారిలో వాంకూవర్‌లోని ట్రయంఫ్ ప్రయోగశాల బృందం ముఖ్యమైనది. ఎన్ఆర్‌యూ 2018 మార్చి 31న శాశ్వతంగా మూతపడింది.

కంచే చేను మేస్తే అన్నది మన సామెత. చాక్ రివర్‌లో జరిగింది అది కాదు. కంచె తన పని తాను చేసింది, దారికి అడ్డమని దానిని పీకేశారు. పాండవులకు రాజ్యమివ్వమన్న విదురుణ్ణి ధృతరాష్ట్రుడు పొమ్మన్నాడు. తరువాత పశ్చాత్తాపపడి సంజయుణ్ణి పంపి వెనక్కి పిలిపించుకున్నాడు. నేటి ప్రభుత్వాలకు ఆ పాటి పశ్చాత్తాపం కూడా ఉండడం లేదు.

కల్పాక్కం ఉద్యోగికి తలుపు లేదు. గోపాలకృష్ణన్ తలుపు దగ్గర నిలబడ్డారు గాని తాళంచెవి వేరొకరి చేతిలో ఉంది. కీన్‌కు తలుపూ తాళంచెవీ చట్టమే ఇచ్చింది, తీసుకోవడానికి ఒక రాత్రి చాలింది. ప్రజావేగుల రక్షణ గురించి మాట్లాడేటప్పుడు మనం కింది ఉద్యోగిని శిక్షించరాదన్న నిబంధననే చూస్తాం. ఆ ఉద్యోగి ఫిర్యాదును అందుకునే మనిషికి రక్షణ లేనప్పుడు ఆ నిబంధన కాగితమే. జనవరి 16 ఉదయం వార్త చదివిన ప్రతి తనిఖీ అధికారికీ, పంపుల దగ్గర పనిచేసే ప్రతి సాంకేతిక నిపుణుడికీ ఒక పాఠం అందింది. ఆ పాఠం విని నోరు మూసుకున్నవారు ఎందరో ఏ నివేదికా చెప్పదు.