చీకటిలో నడిచిన లారీలు: హో చి మిన్ మార్గంలో సైనిక వాహన చోదన, మరుగు, లెక్కల సమస్య

ఉపోద్ఘాతం

యుద్ధ చరిత్రలలో సేనానులకు దక్కినంత చోటు బండి తోలినవారికి దక్కదు. సైన్యం కదలాలంటే తిండి, తూటా, ఇంధనం కదలాలన్నది అందరూ అంగీకరించే మాటే అయినా, ఆ కదలిక ఎలా సాగిందన్నది చాలా గ్రంథాలలో అనుబంధాల పాలవుతుంది. వియత్నాం యుద్ధాన్ని అలా వ్రాయడం సాధ్యం కాదు. అక్కడ ఒక లారీ మార్గమే ఏళ్ళ తరబడి ప్రధాన రణరంగమైంది. ఆకాశంపై పూర్తి ఆధిపత్యం ఉన్న శత్రువు కళ్ళముందే వేలాది వాహనాలను నడిపిన విధానాన్ని, వాటిని దాచిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం మొదటి పని. వాటిలో ఎన్ని ధ్వంసమయ్యాయో చెప్పే లెక్కలను ఎంతవరకు నమ్మవచ్చునో విచారించడం రెండవ పని. నిజానికి ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు కావు. మరుగు ఎంత బాగా పనిచేస్తే చరిత్రకారునికి సాక్ష్యం అంత తక్కువగా మిగులుతుంది.

దాపరికానికి మూలం

ఉత్తర వియత్నాం 1959 మే నెలలో ఒక రవాణా దళాన్ని ఏర్పరచింది. ఆ నెల, సంవత్సరాల అంకెలే దాని పేరయ్యాయి: 559వ దళం. తొలి సంవత్సరాలలో సరుకు మనుషుల వీపుల మీద, సరుకు మోయడానికి బలపరచిన సైకిళ్ళ మీద సాగింది. 1960ల మధ్యకు సోవియట్ తయారీ గాజ్, జిల్ లారీలు, చైనా జీఫాంగ్ లారీలు రంగంలోకి వచ్చాయి. త్రువోంగ్ సోన్ పర్వతశ్రేణిని మూజియా వంటి కనుమల వద్ద దాటి, లావోస్ తూర్పు అంచున దక్షిణానికి దిగి, సెపోన్ పరిసరాల మీదుగా దక్షిణ వియత్నాం సరిహద్దులకు చేరే దారుల అల్లికనే ప్రపంచం హో చి మిన్ మార్గమని పిలిచింది. ఇది ఒక్క రోడ్డు కాదు. ఒకటి తెగితే ఇంకొకటి తెరుచుకునే పాయల సముదాయం.

ఇక్కడ దాపరికం మొదట సైనిక అవసరంగా కంటే రాజకీయ అవసరంగా పుట్టిందని గుర్తించాలి. 1962 జులైలో జెనీవాలో కుదిరిన ఒప్పందం లావోస్ తటస్థతను ప్రకటించి, విదేశీ సైన్యాల ఉనికిని నిషేధించింది. పర్యవేక్షక సంఘానికి అధ్యక్షత వహించినది భారతదేశమే. కెనడా, పోలండ్ తక్కిన సభ్యులు. కనుక లావోస్‌లో తమ సైనికులు లేరని హనోయి చెప్పవలసి వచ్చింది. అక్కడ బాంబులు వేస్తున్నట్లు వాషింగ్టన్ కూడా చాలాకాలం బహిరంగంగా ఒప్పుకోలేదు. లేని లారీలపై జరగని దాడులు అన్న విచిత్ర స్థితి అలా ఏర్పడింది. నాటి అధికార ప్రకటనలను చదివే పరిశోధకులు ఈ సంగతిని మరువరాదు.

చోదన విధానం

మనకు ఏరువాక తెచ్చే నైరుతి ఋతుపవనమే లావోస్ కొండలలో మట్టిదారులను బురదగుంటలుగా మార్చేది. అందువల్ల లారీల రాకపోకలు ప్రధానంగా నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఉండే పొడి కాలంలోనే సాగేవి. ఆ నెలల్లోనూ రాత్రివేళల్లోనే.

మార్గాన్ని సైనిక మజిలీలుగా విభజించారు. రెండు మజిలీల నడుమ దూరం సాధారణంగా ఒక రాత్రి ప్రయాణానికి సరిపడేది. ఒక మజిలీ డ్రైవర్లు తమ భాగంలోనే పదేపదే తిరిగేవారు. సరుకు దించి, తెల్లవారేలోగా వెనుకకు వచ్చి, లారీని దాచి నిద్రపోయేవారు. తరువాతి భాగంలో వేరే లారీ, వేరే డ్రైవరు. పైకి చూస్తే ఇది వృథా శ్రమ. ప్రతి మజిలీలో సరుకు దించి మళ్ళీ ఎక్కించాలి. అయితే దీపం లేకుండా బండి నడపాలంటే దారి కంఠస్థం కావాలి. ఏ మలుపు వద్ద లోయ ఉంది, ఏ వాగులో రాయి జారుతుంది, నిన్నటి గొయ్యి ఈరోజు పూడిందా అన్నవి పటం చూసి తెలిసే విషయాలు కావు. అదే ముప్పై నలభై కిలోమీటర్లు నెలల తరబడి తిరిగినవానికే తెలుస్తాయి. ఈ ఏర్పాటులో వెచ్చించిన శ్రమ అంతా ఆ స్థానిక జ్ఞానానికి చెల్లించిన మూల్యమే. తరువాతి సంవత్సరాలలో దూరప్రయాణ దళాలు వచ్చినా, ఆ మార్పు సాధ్యమైనది రోడ్లు మెరుగుపడి, విమాన విధ్వంసక ఫిరంగులు దట్టంగా చేరిన తరువాతనే.

హెడ్‌లైట్లు నిషిద్ధం. వాటికి బదులు బండి అడుగున చట్రానికి ఒక చిన్న దీపం అమర్చేవారు. దాని వెలుగు చక్రాల ముందు నేల మీద మాత్రమే పడేది. అదీ ప్రమాదమైన చోట రోడ్డుపని చేసే యువజన స్వచ్ఛంద దళాల వారు, వారిలో ఎక్కువమంది ఇరవై ఏళ్ళ లోపు అమ్మాయిలు, తెల్లని దుస్తులు ధరించి బాంబు గొయ్యి అంచున నిలబడేవారు. డ్రైవరు ఆ తెలుపును ఆనవాలుగా పట్టుకొని బండిని పక్కకు తిప్పేవాడు. వియత్నామీయులు వారిని ‘ప్రాణమున్న గుర్తు కంబాలు’ అన్నారు. ఉత్తర వియత్నాంలోని హాతిన్ రాష్ట్రంలో, దోంగ్ లోక్ కూడలి వద్ద ఇటువంటి పని చేస్తున్న పదిమంది యువతులు 1968 జులై 24న ఒకే బాంబుదాడిలో మరణించారు. చోదన అన్న మాటను స్టీరింగ్ పట్టినవాడికే పరిమితం చేయడం ఈ కారణంగా నాకు సమ్మతం కాదు.

మరుగుపరచడంలోనూ నిత్యశ్రమే ఉంది. నరికిన కొమ్మ ఒకటి రెండు రోజుల్లో వాడి రంగు మారుతుంది. పచ్చని అడవిలో గోధుమరంగు మచ్చ పైనుంచి ఇట్టే కనిపిస్తుంది. కాబట్టి ఆకులను తరచు మార్చాలి. వాలులో తవ్విన గుంటలలోకి లారీని దించితే పక్కనుంచి వచ్చే బాంబు శకలాల నుంచి రక్షణ దొరికేది. రోడ్డు నుంచి దాపుకు తిరిగిన చోట చక్రాల జాడ చెరపకపోతే తక్కిన శ్రమంతా వ్యర్థం. వాగుల మీద వంతెనలకు బదులు నీటిమట్టానికి కొంచెం కిందుగా రాళ్ళు పేర్చి దాటుదారులు కట్టారు. ఛాయాచిత్రంలో అక్కడ నీరే కనబడుతుంది. చెట్ల కొనలను తాళ్ళతో దగ్గరకు లాగి, పందిళ్ళు వేసి, కొన్నిచోట్ల పగలు కూడా నడవగల ‘మూతదారులు’ సిద్ధం చేశారు. 1971 తరువాత వీటి ప్రాధాన్యం బాగా పెరిగింది. రాత్రివేట నేర్చిన శత్రువుకు ఇది పగటిపూట ఇచ్చిన జవాబు.

ఆ శత్రువు నిజంగానే నేర్చాడు. 1967 చివర మొదలైన ఇగ్లూ వైట్ పథకంలో నేల అదురును, శబ్దాన్ని పసిగట్టే వేలాది పరికరాలను విమానాల నుంచి జారవిడిచారు. అవి పంపే సంకేతాలను థాయిలాండ్‌లోని నఖోన్ ఫనోమ్ కేంద్రంలో ఐబీఎం కంప్యూటర్లు విశ్లేషించేవి. ఏసీ-130 వంటి ఫిరంగి విమానాలు ఇంజను వేడిని, స్పార్క్ ప్లగ్ వెలువరించే విద్యుత్ తరంగాలను కూడా గుర్తించగలిగాయి. ఆకు ఇంజను రూపాన్ని దాస్తుంది కానీ వేడిని పూర్తిగా దాచలేదు. పరికరాలను మోసగించడానికి టేప్ రికార్డర్లలో లారీ చప్పుడు వినిపించారని, పశువుల మందలను తోలారని చెప్పే కథలు ఎన్నో ఉన్నాయి. అవి చదవడానికి బాగుంటాయి. వాటికంటే తెగిన దారిని కొన్ని గంటల్లో పూడ్చగల పారలు, పలుగులు ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించాయని నా అభిప్రాయం.

లెక్కల సమస్య

1970 అక్టోబరు నుంచి 1971 ఏప్రిల్ వరకు సాగిన అయిదవ కమాండో హంట్ దాడులలో ఇరవై వేలకు పైగా లారీలు ధ్వంసమయ్యాయని లేదా దెబ్బతిన్నాయని అమెరికా వైమానిక దళం ప్రకటించింది. ఉత్తర వియత్నాంలో ఉన్నవని అంచనా వేసిన మొత్తం లారీల కంటే ఇది ఎక్కువ. సీఐఏ ఈ లెక్కలలో ఎక్కువ భాగాన్ని తోసిపుచ్చింది. తెల్లవారి తీసిన ఛాయాచిత్రాలలో శిథిలాలు కనబడకపోవడంతో, లావోస్ అడవిలో లారీలను మింగే భూతం ఒకటుందని పైలట్లే హాస్యమాడుకున్నారు. దోషం కొంత నిర్వచనంలో ఉంది. ఫిరంగి విమానపు 40 మిల్లీమీటర్ల గుండు తగిలితే లారీ నాశనమైనట్లే లెక్క వేసేవారు. 1971లో లారీలను నిలిపి కాల్చి చూసిన పరీక్షలలో ఆ నమ్మకం నిలవలేదు. ఏనాడో కాలిపోయి దారి పక్కన పడిన బండిపైనే మళ్ళీ గుళ్ళు కురిసిన సందర్భాలూ తక్కువ కావు.

వియత్నాం అధికారిక గణాంకాలు మొత్తం యుద్ధకాలంలో ఈ మార్గంలో నష్టపోయిన వాహనాలు సుమారు 14,500 అని, మృతులు ఇరవై వేలకు పైగా, క్షతగాత్రులు ముప్పై వేలకు పైగా అని చెబుతాయి. పదహారేళ్ళ నష్టం ఒక్క పొడి కాలపు ప్రకటన కంటే తక్కువ. ఒకటి కేవలం నష్టాన్ని, మరొకటి నష్టంతో పాటు దెబ్బతిన్నవాటిని కూడా చేర్చినందున ఇవి నేరుగా పోల్చదగినవి కావు. విజేత తన నష్టాన్ని చెప్పే తీరులో కూడా ప్రయోజనం ఉంటుంది. అయినా ఫలితం ఒక సాక్ష్యమే. 1968 ఫిబ్రవరి 7న లాంగ్ వే శిబిరంపైకి పీటీ-76 ట్యాంకులు వచ్చాయి. 1972 వసంతంలో, ఏడవ కమాండో హంట్ ముగిసిన కొద్ది రోజులకే, సైగాన్‌కు ఉత్తరాన ఉన్న అన్ లోక్‌పై టీ-54 ట్యాంకులు దాడి చేశాయి. అడవి దారిలో లారీని దాచడమే కష్టమనుకుంటే ముప్పై ఆరు టన్నుల యంత్రాన్ని దాచగలిగారు.

వియత్నామీయ స్మృతిలో ఈ డ్రైవరుకు మాటకారి, నిర్భయుడు అన్న రూపం స్థిరపడింది. బాంబుల అదురుకు ముందు అద్దాలు పగిలిన లారీల దళంపై ఫామ్ తియెన్ జుయాత్ 1969లో వ్రాసిన కవిత పాఠ్యపుస్తకాలకెక్కి ఆ రూపానికి బలమిచ్చింది. మలేరియాతో మజిలీలోనే మరణించినవాడు, నిద్ర ముంచుకొచ్చి బండిని లోయలోకి పోనిచ్చినవాడు ఆ స్మృతిలో అంతగా కనబడరు. దారికి ఇరువైపులా బ్రతికిన లావోస్ గ్రామీణులు ఇంకా తక్కువగా కనబడతారు. 1964–73 మధ్య వారి దేశంపై ఇరవై లక్షల టన్నులకు మించి బాంబులు పడ్డాయి. వాటిలో పేలనివి నేటికీ పొలాల్లో ఉన్నాయి. యుద్ధానంతరం ఆ ప్రాంతంలో పాత ఇనుము వ్యాపారం ఒక జీవనాధారమైంది. బాంబు తొట్లతో పాటు లారీల చట్రాలు, ఇరుసులు కూడా కొలిమికి చేరాయి. శిథిలాలను లెక్కించి రెండు పక్షాల అంకెలను సరిచూద్దామని ఈనాడు ఎవరైనా సెపోన్ కొండలకు వెళితే, అక్కడ లెక్కించడానికి మిగిలినవి బహు కొద్ది.