నేలను అంటిన పన్ను, మనిషిని వెంటాడిన పన్ను: విదేశంలోని ఇంటిపై పన్ను బాధ్యత – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంటిపన్ను ఇల్లు ఉన్న చోటును బట్టి, ఆదాయపు పన్ను మనిషికి రాజ్యంతో ఉన్న సంబంధాన్ని బట్టి ఏర్పడతాయి. స్వదేశం విడిచి మరో దేశంలో ఇల్లు కలిగినవారి విషయంలో ఈ రెండూ ఎదురుపడతాయి. అమెరికా పన్నుల చట్టం ఈ ఘర్షణను 1861 నుంచి 2025 వరకు ఎలా పరిష్కరించిందో, ఆ పరిష్కారంలో విదేశీ ఇంటిపన్నుకు ఉన్న గుర్తింపు ఎలా తొలగిపోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఇంటిపన్ను, పౌరసత్వం, కుక్ వర్సెస్ టైట్, మినహాయింపు, చీరాల–పేరాల, ప్రవాసాంధ్రులు.

1. ఉపోద్ఘాతం

పన్నులన్నీ ప్రజల నుంచే వసూలవుతాయి. కాని అవి మనిషిని పట్టుకునే తీరు ఒక్కటి కాదు. ఇంటిపన్ను ఇంటిని చూసి వేసేది. యజమాని ఊళ్ళో ఉన్నా, దేశం దాటి వెళ్ళినా, ఇల్లు ఏ పురపాలక సంఘం పరిధిలో ఉంటే ఆ సంఘానికి పన్ను చెల్లించవలసిందే. ఆదాయపు పన్ను మనిషిని చూసి వేసేది. అందుకు చాలా దేశాలు నివాసాన్ని ఆధారంగా తీసుకోగా, అమెరికా సంయుక్త రాష్ట్రాలు పౌరసత్వాన్ని కూడా ఆధారం చేసుకున్నాయి. ఈ రెండు పన్నులూ ఒకే ఇంటి విషయంలో కలిసినప్పుడు ఒక రాజ్యం మరొక రాజ్యపు పన్నును ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. నేలను అంటిన పన్ను: చీరాల–పేరాల ఉదాహరణ

ఇంటిపన్ను స్వభావాన్ని తెలుగువారి చరిత్రలోని ఒక ఘట్టం స్పష్టంగా చూపుతుంది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చడంతో అక్కడి ప్రజలపై పన్నుల భారం అనేక రెట్లు పెరిగింది. 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీ వారి ముందు రెండు మార్గాలు ఉంచారు. ఒకటి పన్నుల నిరాకరణ, రెండవది ఊరు విడిచి వెళ్ళడం. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు రెండవదాన్ని ఎంచుకున్నారు. సుమారు 13,000 మంది పురపాలక సరిహద్దు వెలుపల రామనగర్ అనే పేరుతో పాకలు వేసుకొని దాదాపు పదకొండు నెలలు గడిపారు. గోపాలకృష్ణయ్య అరెస్టు తరువాత ఉద్యమం సడలి, వారు తిరిగి ఇళ్ళకు చేరారు.

ఈ ఉద్యమం వెనుక ఒక సూక్ష్మమైన గ్రహింపు ఉంది. పురపాలక సంఘం అధికారం దాని సరిహద్దు వరకే. సరిహద్దు దాటిన మనిషి వెంట అది వెళ్ళలేదు. ఎల్ల దాటడాన్ని నిరసన మార్గంగా మలచుకోవడం ఆ కారణంగానే సాధ్యపడింది. అయితే ఇళ్ళు మాత్రం సరిహద్దు లోపలే ఉండిపోయాయి. మనిషి కదలగలడు, ఇల్లు కదలదు. స్థానిక ప్రభుత్వాలు ఇంటిపన్నును నమ్మదగిన రాబడిగా భావించడానికి మూలం ఇదే.

3. మనిషిని వెంటాడిన పన్ను: అమెరికా మార్గం

అదే దశకంలో అమెరికాలో దీనికి పూర్తిగా భిన్నమైన సూత్రం స్థిరపడింది. దాని మూలాలు అంతర్యుద్ధ కాలంలో ఉన్నాయి. 1861, 1862 చట్టాలు విదేశాల్లో నివసించే అమెరికా పౌరులకు స్వదేశంలోని ఆస్తుల నుంచి వచ్చే ఆదాయంపై 5 శాతం పన్ను విధించాయి. 1864 చట్టం ఆ పౌరులు విదేశంలో పొందే ఆదాయాన్ని కూడా పన్ను పరిధిలోకి తెచ్చింది. యుద్ధానంతరం 1872లో ఆ పన్ను ముగిసినా, పౌరసత్వమే పన్నుకు ఆధారం కాగలదన్న భావన నిలిచిపోయింది. 16వ రాజ్యాంగ సవరణ తరువాత వచ్చిన 1913 చట్టం, స్వదేశంలో ఉన్నా విదేశంలో ఉన్నా ప్రతి పౌరుడూ ఆదాయపు పన్నుకు బాధ్యుడని ప్రకటించింది.

ఈ సూత్రం 1924లో న్యాయపరీక్షకు నిలిచింది. జార్జ్ కుక్ అనే అమెరికా పౌరుడు మెక్సికో నగరంలో స్థిరపడ్డాడు. అతని ఆదాయం అక్కడి స్థిర, చరాస్తుల నుంచే వచ్చేది. అమెరికా ప్రభుత్వం ఆ ఆదాయంపై 1,193.38 డాలర్ల పన్ను నిర్ణయించగా, మొదటి వాయిదా 298.34 డాలర్లను అతడు నిరసన తెలుపుతూ చెల్లించి, దాన్ని తిరిగి ఇప్పించమని మేరీలాండ్ పన్నుల వసూలు అధికారి గేలెన్ టైట్‌పై దావా వేశాడు. మనిషీ ఆస్తీ రెండూ దేశం వెలుపల ఉన్నప్పుడు పన్ను వేసే అధికారం ఎక్కడిదన్నది అతని వాదం.

1924 మే 5న సుప్రీంకోర్టు అతని వాదాన్ని తిరస్కరించింది. తీర్పు రాసిన జస్టిస్ జోసెఫ్ మెకెన్నా ప్రకారం ప్రభుత్వం స్వభావరీత్యా పౌరునికీ అతని ఆస్తికీ అవి ఎక్కడున్నా మేలు చేస్తుంది. ఆ మేలే పన్నుకు ఆధారం. అంతకు ముందు 1905లో యూనియన్ రిఫ్రిజిరేటర్ ట్రాన్సిట్ కంపెనీ కేసులో ఇదే న్యాయస్థానం, తమ ఎల్లల వెలుపల శాశ్వతంగా ఉన్న భౌతిక ఆస్తిపై రాష్ట్రాలు పన్ను వేయరాదని చెప్పింది. రాష్ట్రానికి వర్తించిన ఎల్ల జాతీయ ప్రభుత్వానికి వర్తించలేదు. చీరాల ప్రజలు సరిహద్దు దాటి పురపాలక సంఘం పట్టు నుంచి బయటపడగలిగారు. కుక్ దేశపు సరిహద్దు దాటినా బయటపడలేదు.

4. రెండు పన్నుల మధ్య వంతెన

ఒకే ఆదాయంపై రెండు దేశాలు పన్ను వేయడంలోని అన్యాయాన్ని అమెరికా చట్టసభ కుక్ తీర్పుకు ముందే గుర్తించింది. 1918 చట్టం విదేశానికి చెల్లించిన ఆదాయపు పన్నును అమెరికా పన్నులో క్రెడిట్‌గా తగ్గించుకునే వీలు కల్పించింది. కాని ఈ క్రెడిట్ ఆదాయం, లాభాల వంటి వాటిపై వేసిన పన్నులకే పరిమితం. ఇంటిపన్ను ఆదాయంపై వేసింది కాదు కనుక దానికి చోటు దక్కలేదు.

ఇంటిపన్నుకు దక్కినది మినహాయింపు. 1916 చట్టం విదేశీ ప్రభుత్వాల పన్నులను కూడా ఆదాయం నుంచి మినహాయించుకోనిచ్చింది. 1964లో మినహాయింపుల జాబితాను కుదించినప్పుడు సైతం రాష్ట్ర, స్థానిక ఆస్తిపన్నులతో పాటు విదేశీ స్థిరాస్తి పన్ను జాబితాలో నిలిచింది. క్రెడిట్‌కూ మినహాయింపుకూ తేడా చిన్నది కాదు. ఒకరు విదేశంలోని ఇంటికి 1,000 డాలర్ల పన్ను కట్టారనుకుంటే, క్రెడిట్ అయితే అమెరికా పన్నులో అంత మొత్తమూ తగ్గుతుంది. మినహాయింపు అయితే 24 శాతం శ్రేణిలో ఉన్నవారికి తగ్గేది 240 డాలర్లే. అయినప్పటికీ, మరొక దేశపు పురపాలక సంఘం కూడా ఒక న్యాయమైన ప్రభుత్వమేనన్న గుర్తింపు ఆ మినహాయింపులో ఉండేది.

5. వంతెన తొలగింపు

2017 డిసెంబరులో వచ్చిన పన్ను సంస్కరణ చట్టం 2018 నుంచి విదేశీ స్థిరాస్తి పన్నుకు ఈ మినహాయింపును తొలగించింది. వ్యాపారానికి వాడుకునే లేదా అద్దె ఆదాయం తెచ్చే ఇంటికి మాత్రం పన్నును ఖర్చుగా చూపుకోవచ్చు. సొంతానికి వాడుకునే ఇంటికి ఆ వీలు లేదు. 2025 వరకు ఉద్దేశించిన ఈ నియమాన్ని 2025 జులైలో వచ్చిన చట్టం కొనసాగించింది. అదే 2017 చట్టం ప్రామాణిక మినహాయింపును దాదాపు రెట్టింపు చేసినందువల్ల, విడివిడి మినహాయింపులు చూపని కుటుంబాలకు ఆచరణలో తేడా కనిపించి ఉండకపోవచ్చు.

ఈ తొలగింపుకు సమర్థన లేకపోలేదు. సొంత ఇంట్లో ఉండటం వల్ల మిగిలే అద్దెను ఆదాయపు పన్ను ఆదాయంగా లెక్కించదు. లెక్కించని ప్రయోజనం కోసం చేసిన ఖర్చును మినహాయించడం తర్కానికి నిలవదు. భారతదేశపు 1961 ఆదాయపు పన్ను చట్టం ఈ తర్కాన్నే పాటించింది. అద్దెకిచ్చిన ఇంటికి యజమాని చెల్లించిన పురపాలక పన్నును అద్దె విలువ నుంచి తగ్గిస్తుంది. సొంతంగా నివసించే ఇంటి వార్షిక విలువ శూన్యం కనుక అక్కడ తగ్గింపు ప్రసక్తే లేదు. అయితే అమెరికా చట్టం ఈ తర్కాన్ని అందరికీ వర్తింపజేయలేదు. స్వదేశంలోని ఇంటిపన్నుకు, ఇతర రాష్ట్ర, స్థానిక పన్నులతో కలిపి, 10,000 డాలర్ల వరకు మినహాయింపు కొనసాగింది. కనుక ఇక్కడి భేదం ఇంటి వాడకాన్ని బట్టి వచ్చినది కాదు, ఇల్లు ఏ జెండా కింద ఉందన్నదాన్ని బట్టి వచ్చినది.

6. ప్రవాసాంధ్రుల ఇల్లు

ఈ చరిత్ర తెలుగువారికి దూరపు సంగతి కాదు. అమెరికా పౌరసత్వమో శాశ్వత నివాసమో పొందినవారికి హైదరాబాదులోని ఫ్లాటు, గుంటూరులోని తండ్రి కట్టిన ఇల్లు చట్టం దృష్టిలో విదేశీ ఆస్తులే. హైదరాబాదులో పన్ను వార్షిక అద్దె విలువ ఆధారంగా ఏర్పడుతుంది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2020 నాటి సవరణతో మూలధన విలువ పద్ధతి వచ్చింది. లెక్క ఏదైనా యజమాని చెల్లించక తప్పదు. 1989లో భారత్, అమెరికా కుదుర్చుకున్న ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం, స్థిరాస్తి ఆదాయంపై ఆస్తి ఉన్న దేశానికి పన్ను వేసే హక్కునిచ్చి, ఆదాయపు పన్నుల విషయంలో ఊరట కల్పించింది. ఇంటిపన్ను దాని పరిధిలోకి రాదు. అందువల్ల ఇల్లు అద్దెకిస్తే రెండు దేశాల చట్టాలూ ఇంటిపన్నును ఏదో రూపంలో గుర్తిస్తాయి. తల్లిదండ్రులు నివసిస్తే, లేదా తిరిగి వచ్చే రోజు కోసం తాళం వేసి ఉంచితే, రెండూ గుర్తించవు. వలస వెళ్ళినవారు ఇంటిని ఏ అనుబంధంతో నిలుపుకుంటారో, సరిగ్గా ఆ అనుబంధానికే పన్ను లెక్కలో చోటు లేదు.

7. ముగింపు

కుక్ తీర్పు పన్నుకు రక్షణను, మేలును ఆధారంగా చెప్పింది. ఆ ఆధారాన్ని అంగీకరిస్తే, విదేశంలోని ఇంటికి రోడ్డు, నీరు, మురుగుకాల్వ, వీధి దీపం సమకూర్చే పురపాలక సంఘం చేసే మేలు అంతకంటే ప్రత్యక్షమైనది. 1916 నుంచి 2017 వరకు అమెరికా చట్టం ఆ మేలుకు చెల్లించిన ధరను పాక్షికంగానైనా లెక్కలోకి తీసుకుంది. ఇప్పుడు తన పౌరుని వెంట ప్రపంచమంతా వెళ్ళే హక్కును నిలుపుకుంటూనే, అతడు నివసించే వీధికి అతడు చెల్లించేదాన్ని లెక్కలోంచి తీసివేసింది. ఇది న్యాయసూత్రాల అనివార్య ఫలితం కాదు; చట్టసభ చేసిన రాజకీయ ఎంపిక. కనుక దాన్ని ప్రశ్నించవలసిన వేదిక న్యాయస్థానం కంటే చట్టసభే. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందాన్ని సమీక్షించే సందర్భం వస్తే, ఇంటిపన్నును అందులో చేర్చడం చర్చకు రావలసిన అంశం.