తంగేడు

తంగేడు మెట్ట నేలల్లో, చెరువుగట్ల మీద, బాటల పక్కన తనంతట తానే మొలిచే పసుప్పచ్చ పూల పొద. భారత్, శ్రీలంక, మయన్మార్ దీని పుట్టిళ్లు. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. 1753లో లిన్నేయస్ కేసియాల్లో చేర్చడం వల్ల పాత పుస్తకాల్లో కేసియా ఆరిక్యులేటా అని కనిపిస్తుంది. ఆకు మొదట్లో చెవి ఆకారంలో ఉండే పత్రపుచ్ఛాలను బట్టి 'ఆరిక్యులేటా' అనే పేరు వచ్చింది. చిక్కుడు కుటుంబానిదే అయినా దీని వేళ్లకు నత్రజని బొడిపెలు ఉండవు.

పెంచాలనుకునేవారికి అసలు చిక్కు గింజతోనే. పైపెంకు గట్టిది, నీరు లోపలికి పోనివ్వదు. మరిగిన నీళ్లు పొయ్యి మీంచి దించి, అందులో గింజలు వేసి రాత్రంతా ఉంచితే కొన్ని ఉబ్బుతాయి. వాటినే విత్తాలి, మిగిలినవాటికి మళ్లీ అదే స్నానం. తల్లివేరు లోతుకు దిగే మొక్క కనుక తొలకరికి నేరుగా నేలలో వేయడం మేలు. సంచుల్లో పెంచితే వేరు చుట్టుకోకముందే నాటాలి. నిండు ఎండ కావాలి, నీరు నిలవకూడదు. రాళ్ల నేలైనా సరే. నిజానికి తంగేడు చచ్చేది నిర్లక్ష్యం వల్ల కాదు, అతి సేవ వల్ల. ఆకులు తినే పచ్చ పురుగులు తర్వాత పసుపు, తెలుపు సీతాకోకచిలుకలవుతాయి. మందు కొట్టనక్కర్లేదు.

బెరడులో తోళ్లను పదును చేసే టానిన్ మెండు. మద్రాసు ప్రాంతపు తోళ్ల పరిశ్రమ చాలాకాలం దీనిమీదే నడిచింది. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన వాటిల్ చెట్టు బెరడు ఆ చోటు చాలావరకు ఆక్రమించింది.

పల్లెల్లో తంగేడు పుల్లతో పళ్లు తోముకుంటారు. మధుమేహానికి సిద్ధ వైద్యులిచ్చే 'ఆవారై కుడినీర్' కషాయంలో ప్రధాన ద్రవ్యం ఇదే. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో పూల సారం రక్తంలో చక్కెరను తగ్గించింది. మనుషుల విషయంలో ఆధారాలు తక్కువ, కాబట్టి కషాయాన్ని నమ్ముకుని వాడుతున్న మాత్రలు మానేయకూడదు. విరేచనానికి వాడే నేలతంగేడు వేరే మొక్క. పేరు చూసి ఒకదానికి బదులు మరొకటి కొనుక్కొచ్చేవాళ్లున్నారు.

2014లో తెలంగాణ దీన్ని రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. బతుకమ్మలో గునుగుతో పాటు తంగేడు పూలు పేర్చాల్సిందే. కొమ్మ చివర్లు తుంచి పూలు కోసుకుంటే పొదకు కత్తిరింపు కూడా అయినట్టే, పక్కల నుంచి కొత్త చిగుళ్లొస్తాయి. విత్తనం కావాలంటే మాత్రం పొదకు నాలుగు గుత్తులైనా కోయకుండా వదిలేయాలి.