అపార్ట్‌మెంట్‌పై సోలార్: కేంద్రం ఇచ్చేదెంత? మీరు పెట్టుకోవాల్సిందెంత?

లిఫ్టు, నీళ్ల మోటారు, సెల్లార్‌లో లైట్లు, సీసీ కెమెరాలు... మీ ఫ్లాట్‌లో ఎంత పొదుపుగా వాడినా వీటి కరెంటు బిల్లు నెలనెలా మెయింటెనెన్స్‌లో కలిసి వస్తూనే ఉంటుంది. ‘పీఎం సూర్యఘర్’ అనగానే అది సొంతిల్లు ఉన్నవాళ్లకే అనుకుంటారు చాలామంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, కాలనీ సంక్షేమ సంఘాలకూ అందులో సబ్సిడీ ఉంది.

రూ.75,021 కోట్ల అంచనా వ్యయంతో 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదించిన పథకమిది. కోటి ఇళ్లపై సోలార్ పెట్టించడం లక్ష్యం, గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం. విడిగా ఇంటికి పెట్టుకుంటే మొదటి 2 కిలోవాట్లకు రూ.30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు రూ.18 వేలు, మొత్తం రూ.78 వేలు వస్తాయి. అసోసియేషన్‌కైతే మొదటి నుంచీ కిలోవాట్‌కు రూ.18 వేలే. ఉమ్మడి అవసరాలతో పాటు ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్‌కు కూడా ఇది వర్తిస్తుంది. ఫ్లాట్‌కు 3 కిలోవాట్ల లెక్కన గరిష్ఠంగా 500 కిలోవాట్ల వరకు ఇస్తారు. మీ బ్లాకులో ఎవరైనా ఇప్పటికే సొంతంగా పెట్టుకుని ఉంటే అది కూడా ఈ పరిమితిలోకే వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో కామన్ మీటర్ నెలకు 1,800 యూనిట్లు తిరుగుతుందనుకోండి. ఒక కిలోవాట్ సోలార్ సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది కాబట్టి 15 కిలోవాట్లు సరిపోతాయి. సబ్సిడీ రూ.2.70 లక్షలు. కిలోవాట్‌కు రూ.45 వేల చొప్పున చూస్తే ఖర్చు రూ.6.75 లక్షలు, అంటే ఫ్లాట్‌కు రూ.11,250. అందులో సబ్సిడీగా తిరిగొచ్చేది రూ.4,500. కొటేషన్ ఇంతకంటే ఎక్కువుంటే ఆ తేడా మీదే. బొగ్గు కరెంటే ఎక్కువగా ఉన్న మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన ఈ ఒక్క టెర్రస్ ఏడాదికి 15 టన్నుల దాకా ఆపగలదు.

అసలు చిక్కు డబ్బు ఎప్పుడు వస్తుందన్న దగ్గర ఉంది. ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ పెట్టి, డిస్కం తనిఖీ పూర్తయ్యాకే సబ్సిడీ ఖాతాలో పడుతుంది. అంటే ముందు మొత్తం మీరే సర్దుకోవాలి. కార్పస్ ఫండ్ ఉన్న అసోసియేషన్‌కు ఇది పెద్ద సమస్య కాదు. ప్రతి ఫ్లాట్ నుంచీ వసూలు చేయాల్సి వస్తే మాత్రం ఊరిలో లేని ఓనర్లు, ‘మేం అద్దెకుంటున్నాం కదా’ అనే వాళ్లు... ఆ తంతు మీకు తెలిసిందే.

మీటింగులో తప్పక వచ్చే ప్రశ్న ఇంకొకటి: ‘మా ఇంటి బిల్లు తగ్గుతుందా?’ తగ్గదు. కామన్ మీటర్‌కు కలిపిన సోలార్ కామన్ బిల్లునే తగ్గిస్తుంది. మీకు లాభం మెయింటెనెన్స్ రూపంలోనే. ఒకే ప్లాంటు కరెంటును వేర్వేరు ఫ్లాట్ల మీటర్లకు పంచే వర్చువల్ నెట్ మీటరింగ్ విధానం ఉన్నా, అది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనలను బట్టి ఉంటుంది. ముందుగా మీ డిస్కం కార్యాలయంలో అడగండి. ఈ సంగతి మొదటే చెప్పకపోతే తర్వాత గొడవలు తప్పవు.

స్థలం కూడా చూసుకోవాలి. కిలోవాట్‌కు దాదాపు 10 చదరపు మీటర్ల నీడ పడని చోటు కావాలి. 15 కిలోవాట్లకు 1,600 చదరపు అడుగులు. వాటర్ ట్యాంకు, లిఫ్టు గది నీడ పోను ఎంత మిగులుతుందో కొలవండి. టెర్రస్ అందరిదీ కాబట్టి జనరల్ బాడీ తీర్మానం రాయించి, సంతకాలు తీసుకోవడం మంచిది. బట్టలారేసుకునే చోటు పోతోందన్న అభ్యంతరం చిన్నదిగా కనిపిస్తుంది కానీ, దాని దగ్గరే తీర్మానం ఆగిపోవచ్చు.

దరఖాస్తు పథకం జాతీయ పోర్టల్‌లోనే చేయాలి. కామన్ మీటర్ ఇంకా బిల్డర్ పేరిట ఉంటే ముందు దాన్ని అసోసియేషన్ పేరిట మార్పించుకోండి, బ్యాంకు ఖాతా కూడా అదే పేరుతో ఉండాలి. 10 కిలోవాట్ల వరకు సాంకేతిక సాధ్యాసాధ్యాల పరిశీలన అక్కర్లేదు. అది దాటితే డిస్కం 15 రోజుల్లో తేల్చాలి, లేదంటే అనుమతి వచ్చినట్టే. ఇది 2024లో సవరించిన కేంద్ర నిబంధన.

పోర్టల్‌లో నమోదైన వెండర్‌నే ఎంచుకోండి. ప్యానెళ్లు, వాటిలోని సెల్స్ దేశంలో తయారైనవే అయి ఉండాలి, లేకపోతే సబ్సిడీ రాదు. తక్కువ ధర కొటేషన్ చూసి సరే అనేముందు ఈ ఒక్క మాట రాతపూర్వకంగా తీసుకోండి. ఐదేళ్ల నిర్వహణ బాధ్యత కూడా వెండర్‌దే. ప్యానెళ్లు కడిగేది ఎవరు, వాచ్‌మనా, వెండర్ మనిషా అన్నది ఒప్పందంలోనే రాయించండి. దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది.