పిల్లల జబ్బల మీదుగా వచ్చిన టీకా

మశూచికి ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ఇంగ్లండులో నిరూపించిన టీకా భారతదేశం చేరడానికి ఆరేళ్లు పట్టింది. ఆ రసం ఎండకు చెడిపోయేది కనుక, ఒకరి జబ్బ మీద లేచిన పొక్కు నుంచి తీసి మరొకరి జబ్బకు ఎక్కిస్తూ, బాగ్దాదు, బస్రాల మీదుగా ఓడలో దానిని బొంబాయికి చేర్చవలసి వచ్చింది. అక్కడ 1802 జూన్ 14న అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు వేసిన టీకా పట్టింది. ఆ పాప జబ్బ నుంచి తీసిన రసమే చేతులు మారుతూ మద్రాసుకూ, దేశంలోని ఇతర ప్రాంతాలకూ వెళ్లింది. అమ్మవారు పోసిందంటూ గుమ్మానికి వేపమండలు కట్టి బిడ్డ బతుకును దైవానికి వదిలేసిన తరాల తరువాతివారు ఆ చిన్నారికి ఎంత రుణపడి ఉన్నారో చరిత్ర పుస్తకాలు చెప్పవలసినంతగా చెప్పలేదు.

టీకా ఓడలో వచ్చినట్టే మనుషులూ ఓడల్లో వెళ్లారు; గోదావరి డెల్టాకు సముద్రయానం కొత్త కాదు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి బర్మా వెళ్లిన తెలుగువారిని రంగూనులో కోరంగీలనేవారు. తరువాతి కాలంలో ఆ డెల్టాలోని కోనసీమ నుంచి కువైట్, మస్కట్ దారులు తెరుచుకున్నాయి. అలా సరిహద్దు దాటేవారి చేతిలో టీకా పత్రం ఉండవలసి వచ్చేది. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన అంతర్జాతీయ పారిశుధ్య నిబంధనల ప్రకారం ఆ పత్రంలో మశూచి టీకా మూడేళ్లు, కలరా టీకా ఆరు నెలలు చెల్లేవి. కలరా షరతును 1973లో తొలగించారు; మశూచి అంతరించిందని 1980 మే 8న ప్రకటించడంతో ఆ టీకా అవసరమూ తీరింది.

మిగిలింది ఎల్లో ఫీవర్, అంటే కాలేయాన్ని దెబ్బతీసి ఒళ్లు పచ్చబడేలా చేసే వైరస్ జ్వరం. ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలోని వ్యాధిపీడిత దేశాల నుంచి టీకా పత్రం లేకుండా వచ్చేవారిని మన దేశంలో ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. ఈ కాఠిన్యానికి కారణం కోనసీమలోని అంబాజీపేటలోనే కనిపిస్తుంది. కొబ్బరి మార్కెట్టుకు పేరుపడిన ఆ ఊళ్లో, కాయ కొట్టి పడేసిన చిప్పలో నాలుగు చినుకులు నిలిస్తే చాలు, డెంగీని మోసే ఏడిస్ దోమ అందులో గుడ్లు పెడుతుంది. ఎల్లో ఫీవర్‌ను మోసేదీ అదే దోమ. దోమ సిద్ధంగా ఉన్న నేలకు వైరస్ చేరకుండా ఆపడమే ఈ నిబంధన ఉద్దేశం. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేసే ఈ టీకా పత్రం పదో రోజు నుంచి చెల్లుతుంది, 2016 నుంచి జీవితాంతం చెల్లుబాటవుతోంది. తొమ్మిది నెలలు నిండని బిడ్డకు సాధారణంగా ఈ టీకా వేయరు కనుక, అటువంటి పసికందుతో ఆ దేశాల ప్రయాణాన్ని వాయిదా వేసుకోవడమే ఉత్తమం.

అయితే సరిహద్దులో అడిగే పత్రం దేశాన్ని కాపాడేది. బిడ్డను కాపాడవలసిన బాధ్యత తల్లిదండ్రులదే. కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థం చూడటానికి విదేశాల నుంచి తాతగారింటికి వచ్చే పిల్లలను టైఫాయిడ్ టీకా వేయించుకున్నారా అని ఏ విమానాశ్రయంలోనూ అడగరు. సొంత ఊరే కదా అనే ధీమాతో పెద్దలు వైద్యుణ్ణి సంప్రదించరు. కానీ విదేశంలో పుట్టి పెరిగిన బిడ్డకు ఇక్కడి క్రిములతో పరిచయం ఉండదు, తీర్థంలో కొనిపెట్టిన ఐసు, పండ్ల ముక్కలు చాలు జ్వరం రావడానికి. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను ఆరు నెలలు నిండిన పిల్లలకు ఒక్క మోతాదుగా వేస్తారు. బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు వేయించడం అవసరం.

అమెరికా వెళ్లే కోనసీమ పిల్లల అవసరం వేరు. మన సార్వత్రిక టీకాల పట్టికలో తట్టు, రుబెల్లా టీకా ఉన్నా గవదబిళ్లలకు, ఆటలమ్మకు టీకా లేదు. అక్కడి బడులు సాధారణంగా ఆ రెండింటినీ అడుగుతాయి. ఆరు నుంచి పదకొండు నెలల బిడ్డ విదేశానికి వెళ్తుంటే తట్టు టీకా ఒక మోతాదు ముందే వేయించాలని, ఏడాది నిండాక మామూలుగా వేసే రెండు మోతాదులలో దానిని లెక్కించకూడదని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సూచన. ఈ టీకాలన్నీ తేదీలతో నమోదైన పుస్తకాన్ని సూట్‌కేసులో కాక పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలో ఉంచుకోవాలి.