శుభలేఖలోని చేతివ్రాత

మాదాపురపు బండరాళ్ల నడుమ 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటికే తెలుగు అక్షరము సీసపు అచ్చును విడిచి కంప్యూటరు తెరమీదికి చేరియుండెను. కాని నేడు ఆ హైటెక్ సిటీ పరిసరములలో వివాహ, గృహప్రవేశాహ్వానములపై దర్శనమిచ్చు వయ్యారపు లిపి పుట్టినది యంత్రమునందు గాదు, చిత్రకారుని కుంచెయందు.

సీసపు దిమ్మెకు విలాసము పొసగదు. తలకట్టు, గుడి, కొమ్ము, క్రింది వత్తు అన్నియు దాని అంచులలో ఒదిగియుండవలెను. ప్రక్క అక్షరముమీదికి చాచిన తోక నిలువదు. అందుచేతనే పత్రికలవారు కథాశీర్షికలను చిత్రకారులచే వ్రాయించి, బ్లాకులు చేయించుకొనెడివారు. ఈ విద్యయందు చిత్రకారుడు బాపు (1933–2014) సాధించిన స్థానము అనన్యము. ఆయన వ్రాసిన శీర్షిక కథకు ముందే కథాస్వభావమును తెలుపుచుండెను. బొమ్మను గీసిన చేయియే అక్షరమును గీయుటచే, రెంటికిని ఒకే ఊపిరి అబ్బెను.

ఆ బాపు వ్రాతయే పిదప ఫాంటుగా మారి, కంప్యూటరుపై అక్షరములు కూర్చు డి.టి.పి. కేంద్రములకు చేరెను. ఏ చేతివ్రాతయందైనను ఒకే 'ల' రెండుమారులు ఒక్కతీరున పడదు; ఫాంటునందు మాత్రము ప్రతి 'ల'యు తొంటి 'ల'యే. ఆ వైవిధ్యమును కోల్పోయినను, చిత్రకారుని ముంగిట నిలువజాలని సామాన్య గృహస్థునకు సైతము ఆ సొగసు అందుట చిన్న లాభము గాదని నా నిశ్చితాభిప్రాయము.

అయితే ఆనాటి డి.టి.పి. ఫాంట్లు ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క సంకేతపద్ధతిని కలిగియుండుటచే, ఒకచోట కూర్చిన మాట మరియొకచోట అర్థరహితమయ్యెడిది. ఈ చిక్కును తీర్చుటకు అన్ని లిపులకును ఒకే సంకేతపద్ధతి నేర్పరచిన యూనికోడునందు, 1991 నాటి తొలి ప్రమాణముననే తెలుగునకు చోటు దొరకినది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను యూనికోడు ఫాంటు వచ్చినది. కాని అలంకారలిపులు వెనుకబడెను. 'స్త్రీ' వంటి సంయుక్తాక్షరమున వత్తులు ఒకదానినొకటి ఒరయకుండ, వ్రాతలోని విసురు చెడకుండ, ప్రతి కలయికను వేరువేరుగ చూచుకొనవలసియుండుటయే అందులకు హేతువు.

ఈ కొరతను చాలవరకు తీర్చినవారు కాలిఫోర్నియాలోని తెలుగువారు. సిలికానాంధ్ర సంస్థ వెలువరించిన యూనికోడు ఫాంట్లలో 'లక్కి రెడ్డి' చేతివ్రాత ననుసరించినది. 'రవి ప్రకాష్' శీర్షికలకును, ఆహ్వానపత్రములకును ఉద్దిష్టమైనది. ఇట్టి లిపి వధూవరుల నామములకు, ముహూర్తమునకు శోభనిచ్చును; విందుస్థలమునకు దారి చూపు చిన్న అక్షరములకు మాత్రము పనికిరాదు. చేతిలోని ఫోనులో శుభలేఖ చదువుకొను పెద్దలను తలచియైనను రూపకర్తలు ఈ విచక్షణ పాటింపవలెను. ఆ ఫాంట్లు స్వేచ్ఛానుమతితో లభించుచున్నవి గనుక, వత్తు సరిగా కుదురనిచోట సైబరాబాదులోని ఏ యువ ఇంజనీరైనను దానిని విప్పి సవరింపవచ్చును.